వివాహమునకు ఛాయాచిత్రకారుని నెన్నుకొనుట
(సంఘ వార్షిక మహాసభలో చేసిన యుపన్యాసము)



ఈ సభలో మాటలాడవలసినదని కార్యదర్శిగారు మా యింటికి వచ్చి కోరినపుడు, విద్యావ్యాప్తిని గూర్చియో సంఘైకమత్యమును గూర్చియో ప్రసంగింతుమని వారు తలంచి యుందురు. మేము ముప్పదియైదేండ్లు పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించి విరమించినవారము. అట్టివారము పెండ్లి ఫోటోలను గూర్చి మాటలాడుదు మనగా కార్యదర్శిగారు చిరునవ్వు నవ్విరి. కాని యా నవ్వులోనే "మా యింట గూడ ఆ ఫోటోల గొడవ యింకను తెమలలేదండీ" యని యొక మాట జారవిడిచిరి. దానితో విషయము తగినదేయని నిశ్చయించుకొంటిమి.

సంబంధము కుదిరిన వెంటనే మన యిండ్లలో నేడు జరుగు పనుల వరుసను గమనింపుడు. మొదట కల్యాణ మండపము, పిమ్మట వంటవారు, ఆ పిమ్మట ఫోటోవారు. పురోహితుడు వీరందరి తరువాత. ఇది హాస్యమునకు చెప్పుట కాదు. పంచాంగము చూచుట కొంత యెరిగినవారము గావున ముహూర్తములకై మా యొద్దకు వచ్చువారు కలరు. వారిలో నొకరు, "ఆ రోజున ఫోటోవారికి ఖాళీ లేదట, మరియొకటి చూడుడు" అని లగ్నమునే మార్పించుకొని పోయిరి. గ్రహబలము కంటె ఫోటోవాని బలము హెచ్చినదని నాడు మేము గ్రహించితిమి.

మా వివాహము 1984వ సంవత్సరమున జరిగినది. ఫోటో తీయువాడు ప్రక్క పట్టణము నుండి బస్సులో భుజమున తోలుసంచి వ్రేలాడవైచుకొని వచ్చెను. రెండు రీళ్ళు మాట్లాడుకొనిరి. రీలునకు 36 చొప్పున మొత్తము 72 చిత్రములు. మీట నొక్కుటకు ముందు ప్రతిసారియు నాతడు మా మామగారి ముఖము వంక చూచెడివాడు. మామగారు తల యూపినచో నొక్కును. లేనిచో యంత్రము దించును. ఆ 72లో నేడు మాకు మిగిలినవి 50కి పైగా నున్నవి. వానిలో మా యిరువురి ముఖములున్నవి పదునైదు. తక్కినవన్నియు బంధువులవే. నాడు యౌవనము వలన "మా పెండ్లిలో మా ఫోటోలే లేవు" అని చిన్నబుచ్చుకొంటిమి. నేడు తీసి చూచునపుడు మా ముఖముల యొద్ద ఆగము. వెనుక వరుసలో నిలిచిన మేనమామ, పందిరి రాటకు చేరగిలబడిన పెదతండ్రి, చేత చెంబుతో నటు పోవుచు చిత్రమున పడిన మేనత్త, వీరి యొద్దనే ఆగుదుము. వీరిలో నొక్కరును నేడు లేరు.

సంస్కృతము చదివినవారికి దీనివలన నొక సంగతి జ్ఞప్తికి రాక మానదు. భవభూతి ఉత్తరరామచరితమున ప్రథమాంకమునకు చిత్రదర్శనమని పేరు. సీతారాములకు లక్ష్మణుడు తమ పూర్వచరిత్రను లిఖించిన చిత్రములను చూపును. వానిలో మిథిలలో జరిగిన వివాహ చిత్రములు కూడ నున్నవి. లక్ష్మణుడు వదినగారికి ఈమె మాండవి, ఈమె శ్రుతకీర్తి యని చూపుచు ఊర్మిళను చెప్పక దాటవేయగా, సీత "మరి యీమె యెవరు?" అని యడుగును; ఆతడు సిగ్గుపడును. పెండ్లి ఆల్బము ముందరవేసికొని మన యిండ్లలో వదినలు మరదులు నేటికిని ఆడుకొను పరిహాసము సరిగా నిదియే కదా. ఆ ఘట్టముననే రామచంద్రునకు, తండ్రి బ్రదికియుండి తల్లులు తమ యోగక్షేమములు చూచుచుండిన యా కొత్త పెండ్లినాటి దినములు తలపునకు వచ్చి, అవి గతించెనే యని కన్నీరు వచ్చును. పెండ్లి చిత్రము లేమి ప్రయోజనమునకై యుండవలెనో ఆ మహాకవి యెరుగును. ఆయన చెప్పినది పెండ్లికుమార్తె నగలను గూర్చి కాదు.

ఇక మా యింటి సంగతి. ఇది చెప్పుటకు మేము కొంత తటపటాయించితిమి. కాని చెప్పకున్నచో పైన చెప్పినదంతయు పుస్తకపు మాట యగును.

మా కుమార్తె వివాహము 2013లో చేసితిమి. నగరమునుండి పేరుపడిన ఛాయాచిత్రకారుని పిలిపించితిమి. అతని పేరును, అతని స్టూడియో పేరును ఇచ్చట చెప్పము. తప్పులో సగము మాదే గనుక. ఎట్లనగా, అతడు తన యొద్దనున్న నలుబది చిత్రములు మాకు చూపెను. ఒక్కొక్కటి యొక్కొక్క రవివర్మ పటమువలె నుండెను. మేము ముగ్ధులమై సంచకరువు ఇచ్చితిమి. ఆ నలుబదియు ఇరువది పెండ్లిండ్లలో నుండి యేరిన మేలిరకములు. ఒక్క పెండ్లిని మొదటినుండి తుదివరకు ఎట్లు తీయునో మేమడుగలేదు. వందమంది బాలురలో నుండి ఇరువురి జవాబు పత్రములు చూచి పాఠశాలకంతటికి మార్కులు వేయు తనిఖీదారువలె ప్రవర్తించితిమి.

మా తల్లిగారికి అప్పటికి ఎనుబదినాలుగేండ్లు. మోకాళ్ళనొప్పులతో గ్రామము విడిచి యెక్కడికిని రాని మనిషి, మనుమరాలి పెండ్లియని కారులో వచ్చిరి. తలంబ్రాల అనంతరము అక్షతలు వేయుటకు మా తమ్ముని భుజము పట్టుకొని నాలుగు మెట్లెక్కి వేదికమీదికి వచ్చిరి. ఫోటోవాడు మర్యాదగానే, "మామ్మగారూ, కొంచెం పక్కకి" అనెను. ఆమె ప్రక్కకు జరిగిరి. మరియొకడు, వీడియో తీయువాడు, ఆ ప్రక్క కూడ అడ్డమనెను. ఆమె "నేనెందుకు నాయనా అడ్డం" అని వెనుకకు పోయి కుర్చీలో కూర్చుండిరి. మే మప్పుడు కన్యాదాతలమై పీటలమీద నున్నాము; చూచితిమి గాని లేవలేదు.

నాలుగు నెలలకు ఆల్బము వచ్చినది. నాలుగువందల చిత్రములు. వధువు చేతి గోరింట తొమ్మిదిచోట్ల నున్నది. గాజులున్నవి, చెప్పులు కూడ నున్నవి. మా తల్లిగారు లేరు. ఒకచోట మాత్రము ఆకుపచ్చ అంచుగల చీరకొంగును, ఒక మోచేయియు కలవు. అది వారిదే. ఆ చీర మేము తెచ్చినదే గనుక గుర్తింపగలిగితిమి.

ఆల్బమునకు చేరని చిత్రములలో నుండవచ్చునని యడిగితిమి. మూడు నెలలు దాటిన వెనుక డిస్కులలో చోటు చాలక తుడిచివేయుదుమని బదులు వచ్చెను. అతడు మోసము చేయలేదు. మాకాలమునకు మేము అడుగలేదు, ఆతడు చెప్పలేదు. ఆల్బము వచ్చిన నెలకు మా తల్లిగారు పోయిరి. పదునొకండవనాడు పటము కట్టింతమన్న వేరొక చిత్రము దొరకలేదు. తుదకు ఆధార్ కార్డులోని ముఖమును పెద్దది చేయించితిమి. ఆ యంత్రము ముందు కూర్చున్నపుడు కన్నులు రెప్పవేయవద్దని గద్దించియుందురు కాబోలు, ఆమె బెదరినట్లు చూచుచుందురు. మా యింట గోడమీద నేటికిని ఆమె యట్లే బెదరి చూచుచున్నారు.

ఆ దినమునుండి ఎవరింట పెండ్లియైనను ఫోటోవానిని కుదుర్చుకొనుటకు మునుపు మమ్ము పిలువుడని చెప్పుకొనుచు వచ్చితిమి. పిలిచినవారింట నేర్చినదియు, వృత్తివారే మాకు దయతో చెప్పినదియు ఇపుడు మనవిచేయుదుము.

మొట్టమొదట ఒక్క పెండ్లి యొక్క చిత్రములన్నింటిని చూపుమనవలెను. అదియు పగటి పెండ్లి కాదు, రాత్రి లగ్నము. మన ముహూర్తములు తెల్లవారుజామున మూడు గంటలకును వచ్చును. హోమధూమము కన్నులు మండించును. మండపమువారు వేసిన ఊదారంగు దీపములలో వరుని ముఖము నేరేడుపండువలె కనబడును. అట్టిచోట తక్కువ వెలుతురునకు తగిన కటకము లెవనియొద్ద నున్నవో, ముఖపు రంగును సరిచేసికొను నేర్పు ఎవనికి కలదో వాడే మనకు కావలసినవాడు. సాయంకాలపు ఎండలో సముద్రపుటొడ్డున ఎవడైనను చక్కగా తీయును.

రంగు మాట వచ్చినది గావున ఇంకొకటి. మన పిల్లలలో చామనఛాయ వారే హెచ్చు. చిత్రములను తరువాత దిద్దునపుడు వారిని సున్నము కొట్టిన గోడవలె తెల్లబరచుట నేడొక దురాచారమైనది. పాండవపత్నికి కృష్ణ యను పేరు వచ్చినది మేనిరంగు వలననే. ఆమె సౌందర్యమును వ్యాసుడు తక్కువ చేయలేదు. మేనకోడలి ఆల్బమును చూచి మా చెల్లెలు "ఇది మా అమ్మాయేనా?" యని నిజముగానే యడిగినది. కనుక చూపిన చిత్రములలో ముఖములు మనుష్యుల ముఖములవలె నున్నవా లేవా యని చూడుడు. పిల్లను తెల్లగా చేయవలదని ముందే చెప్పుడు. అయితే కొందరు తల్లిదండ్రులే తెల్లగా చేయుమని కోరుదురట. ఫోటోవారు మాతో చెప్పిన సంగతి యిది.

మీరు చూచిన చిత్రములు తీసినవాడే మీ పెండ్లికి వచ్చునా యని యడుగవలెను. ఒక్క లగ్నమునకు నాలుగైదు పెండ్లిండ్లు ఒప్పుకొని, పేరుగలవాడు ఒకచోటికిని శిష్యులు తక్కిన చోట్లకును పోవుట మూఢములు వెళ్ళిన వెంటనే వచ్చు నెలలలో సామాన్యము. ఎవడు వచ్చునో వాని పేరు కాగితముమీద నుండవలెను.

యంత్రములో ఒకేసారి రెండు కార్డులమీద చిత్రము పడు ఏర్పాటు కలదా, ఆ రాత్రియే వేరు డిస్కులోనికి ఎక్కించునా, మూలచిత్రము లెన్ని మాసములుంచును, ఏరినవే గాక అన్నింటిని మనకిచ్చునా అనునవి మేము నాడు అడుగక చెడిపోయిన ప్రశ్నలు. ఒక డిస్కు కొనియిచ్చిన అన్నియు నందులో వేసి యిచ్చువారే యెక్కువ. మూలచిత్రములు ఇయ్యనని పట్టుపట్టువారును కలరు. దిద్దని చిత్రములు బయటికి పోయిన తమ పేరు చెడునని వారి భయము. అదియు న్యాయమే గాని, కనీసము బంధువుల చిత్రములైనను ఇయ్యవలెనని ముందే ఒప్పించుకొనుట మేలు.

హక్కు సంగతి కూడ చాలమంది యెరుగరు. 1957 నాటి కాపీరైటు చట్టము 17వ సెక్షనును బట్టి, ఒకరు ప్రతిఫలమిచ్చి తీయించుకొనిన ఛాయాచిత్రమునకు, అందుకు విరుద్ధమైన ఒప్పందము లేనిచో, తీయించుకొనినవారే మొదటి హక్కుదారులు. ఆ "విరుద్ధమైన ఒప్పందము" సంచకరువు రసీదు వెనుక చీమతలలవంటి అక్షరములలో నుండును. చదువక సంతకము చేసి, పిమ్మట మన యాడపిల్ల చిత్రము పరాయివారి ఫోనులలో ప్రకటనగా తిరుగుచున్నదని యేడ్చి లాభము లేదు. కళ్ళజోడు పెట్టుకొని చదువుడు.

ఆడపిల్ల యలంకరణ గదిలోనికి, మంగళస్నానముల చోటికి ఎవరు పోవలెనను ప్రశ్న కొందరికి చాదస్తముగా తోచవచ్చును. మన హైదరాబాదు చరిత్ర చూడుడు. 1844లో సర్ధానాలో పుట్టి, రూర్కీలో చదివి, ఆరవ నిజాము మహబూబు అలీఖాను కొలువున ఛాయాచిత్రకారుడై రాజా బిరుదము పొందిన లాలా దీనదయాళు, 1892లో ఘోషా స్త్రీలకై హైదరాబాదున జనానా స్టూడియో తెరచి, దానిని ఒక ఆంగ్లస్త్రీ చేతిలో నుంచెను. నాడు యంత్రము మోయుటయే యొక మగవాని పని. ఐనను ఆయన కా మర్యాద తోచినది. నేడు ఈ వృత్తిలో నేర్పుగల యువతు లెందరో యున్నారు. బృందములో ఒక స్త్రీ యుండవలెనని కోరుట తప్పు కాదు. వధువును ముందడిగి చేయుడు.

ఇక వేదికమీది ప్రవర్తన. సుముహూర్తమున తెర తొలగి, వధూవరులు ఒకరి శిరముపై నొకరు జీలకర్ర బెల్లముంచి, ఒకరినొకరు చూచుకొందురు. లగ్నమనగా నదియే, దానికి రెండవసారి లేదు. మేము కన్నులార చూచిన పెండ్లిలో, చిత్రము సరిగా రాలేదని మాంగల్యధారణమున మూడవముడిని మరల వేయించిరి. మొదట వేసినది మూడవదా, మరల వేసినది నాల్గవదా యని పురోహితుడు మా వంక చూచెను. మేము నేలవంక చూచితిమి. సభాసదులకు నాలుగు వీపులు తప్ప వేరేమియు కనబడలేదు. రెండువందల మైళ్ళనుండి వచ్చిన మేనత్త యెదురుగా నున్న పెద్ద తెరమీద పెండ్లి చూచి యింటికి పోయినది. ఆ మాత్రమునకు ఆమె రావలెనా? కుదుర్చుకొనునపుడే, సుముహూర్తమునుండి తలంబ్రాల వరకు వేదికమీద ఒక్కడు కంటె నుండరాదనియు, ఏ క్రియను మరల చేయింపరాదనియు, ముందు వరుసలోని పెద్దలకు అడ్డము నిలువరాదనియు చెప్పుడు. మంచి వృత్తివాడు దీనికి సంతోషించును. స్నాతకము, కాశీయాత్ర, గౌరీపూజ, లాజహోమము, నాగవల్లి, అప్పగింతలు, వీని వరుస మన యింట ఎట్లో వానికి తెలియునా యని యడుగుడు. తెలియకున్నచో పురోహితునితో ఒక పావుగంట కూర్చుండబెట్టుడు. ఇంత చిన్నపని యెవరును చేయరు.

డ్రోనును గూర్చి రెండు మాటలు చాలును. 2021 నాటి నియమములను బట్టి విమానాశ్రయాదుల యొద్ద ఎఱ్ఱ మండలములలో అనుమతి లేక ఎగురవేయరాదు; 250 గ్రాములు మించిన దానిని వృత్తిగా నడుపువాడు ధ్రువపత్రము గలవాడై యుండవలెను. ఉన్నను, మంత్రము చదువునపుడు నెత్తిమీద తుమ్మెదల పట్టువలె రొద చేయు దానితో మాకు పొసగదు. ఎదురుకోళ్ళకు ఎగురవేసికొనుడు.

ధనము మాట. మేమెరిగిన యొక కుటుంబమువారు, పెండ్లికి ముందు వధూవరులను కొండలకును కోటలకును త్రిప్పి తీయించుటకై నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష రూపాయలు తెచ్చిరి. నెలకు 2,000, ఏడాదికి 24,000 వడ్డీ. మూడేండ్లయినను అసలు తీరలేదు. ఆ తీసినది పెండ్లినాడు భోజనముల వేళ తెరమీద ఆరు నిమిషములు వేసిరి. అప్పుడందరును పులిహోర వడ్డించుకొనుచుండిరి. ఉన్నవారి మాట మేమనము. ఉన్నవారిని చూచి లేనివారు చేయుదురు, అందులకే ఈ పోషకుల సభలో చెప్పుచున్నాము. మన విద్యార్థి వసతిగృహమునకు ఏడాదికొక పర్యాయము చందా యడుగబోయిన "పెండ్లి ఖర్చులలో నున్నాము" అను పెద్దలు కొందరీ సభలోనే యున్నారు. వారి ముఖములు మేము చూచుట లేదు.

అయితే బేరమాడి బేరమాడి ఆ వృత్తివానిని పిప్పి చేయుటయు ధర్మము కాదు. సంవత్సరమున మూడు నాలుగు మాసములే వానికి పని. యంత్రములు అప్పుమీద కొన్నవి. పెండ్లియిండ్ల వాని యవస్థ చూచితిరా? నాలుగు గంటలకు లేచి నిలిచినవాడు, చివరి పంక్తిలో, వంటవారితోపాటు చల్లారిన అన్నము తినును. మనము భోజనము చేయుచుండగా తీయును గాని, తాను తినుచుండగా ఎవరును చూడరు. మొదటి పంక్తిలోనే వానిని కూర్చుండబెట్టించిన యింట చిత్రములు మెరుగుగా వచ్చుటయు మేమెరుగుదుము.

ఆల్బము ఆలస్యమైనదని నిందించుటకు ముందు మనమెంత ఆలస్యము చేసితిమో చూచుకొనవలెను. ఏరి పంపుడని వేలకొలది చిత్రములు వారు పంపుదురు. వియ్యాలవారికి నచ్చినవి మనకు నచ్చవు. అబ్బాయి పరదేశమునుండి పలుకడు. మా యన్నగారి కుమారుని పెండ్లి చిత్రము లింకను ఏరుచున్నారు. వారి బిడ్డ యిప్పుడు నడచుచున్నది.

మా కుమారుని వివాహము 2018లో జరిగినది. ఈసారి మా యూరి బస్టాండు ప్రక్క చిన్న స్టూడియో పెట్టుకొనిన యువకుని పిలిచితిమి. పాసుపోర్టు ఫోటోలు తీసికొను దుకాణమని వియ్యాలవారు మొగము చిట్లించిరి. అతడు తాను తీసిన రాత్రి పెండ్లి నొకదానిని అడుగకయే మొదటినుండి తుదివరకు చూపెను; మసకగా వచ్చినవానిని కూడ దాచలేదు. మేమొక కాగితముమీద ఇరువైపుల పెద్దల పేర్లు వ్రాసితిమి. డెబ్బదియేండ్లు దాటినవారినందరిని చేర్చి ముప్పదియొక్కరు. బంధువులందరిని ఎరిగిన మా తమ్ముని కుమార్తెను వాని ప్రక్కన నుండుమంటిమి. ఆ పిల్ల చేయిపట్టి చూపుట, అతడు పోయి వారు కూర్చున్నచోటనే, వారి మాటలలో వారుండగానే తీయుట. ఎవరిని వేదిక మెట్లెక్కింపలేదు. తెల్లవారిన పిమ్మట కాగితము తిరిగి యిచ్చినాడు. ఇరువదితొమ్మిది పేర్లకు గుర్తు పెట్టియుండెను.

మిగిలిన యిద్దరును ఎక్కడ నుండిరని విచారించితిమి. తొలి పంక్తినుండి మలి పంక్తివరకు భోజనశాలలోనే యుండిరట. మాకిచ్చిన కాలము మించినట్లు అధ్యక్షులవారు గడియారము చూచుచున్నారు, సెలవు.